ఇండక్షన్ స్టవ్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

పాడైందని రిపేరు షాపుకు వెళ్లే ఇండక్షన్ స్టవ్వుల్లో చాలావాటికి లోపల ఏ జబ్బూ ఉండదు. గిన్నె సరిపడకపోవడమో, కరెంటు సరిగా అందకపోవడమో, కింద గాలి ఆడకపోవడమో అయి ఉంటుంది. ఈ మూడూ చూశాకే స్క్రూలు విప్పే మాట ఎత్తాలి. తెర మీద కనిపించే ఇ-0, ఇ-1, ఇ-3 లాంటి కోడ్లకు కంపెనీకో అర్థం ఉంటుంది. ఒక కంపెనీ ఇ-1ని గిన్నె లేదని చెప్పడానికి వాడితే, ఇంకో కంపెనీ అదే కోడ్‌ను వోల్టేజీ తక్కువని చెప్పడానికి వాడుతుంది. అందుకే వేరే మోడల్ వీడియో చూసి నిర్ణయానికి రాకుండా మీ స్టవ్వుతో వచ్చిన పుస్తకంలో చూడండి.

బీప్ బీప్‌మంటుంది, గిన్నె వేడెక్కదు

గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు ఇరవై వేలకు పైగా సార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులోనే వేడి పుట్టిస్తుంది. అంటే ఇక్కడ పొయ్యి సగం, గిన్నె సగం. అయస్కాంతం పట్టని గిన్నె పెడితే స్టవ్వుకు అక్కడ గిన్నె ఉన్నట్టే తెలియదు. కాసేపు బీప్‌మని అదే ఆగిపోతుంది.

ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే పనికొస్తుంది. జారిపోతే పనికిరాదు. అల్యూమినియం, హిండాలియం, రాగి, ఇత్తడి, మట్టి కుండ ఏవీ పనిచేయవు. తిరకాసంతా స్టీలు గిన్నెలతోనే. పెళ్లిళ్లలో పెట్టే మంచి స్టీలు గిన్నెలు ఎక్కువగా నికెల్ కలిసిన రకం కాబట్టి వాటికి అయస్కాంతం అంటదు. తక్కువ రకమని పక్కన పడేసిన స్టీలు గిన్నెకు మాత్రం చక్కగా అంటుకోవచ్చు. ఇనప పెనం, ఇనప మూకుడు, ఎనామిల్ గిన్నెలు పనిచేస్తాయి, కాకపోతే అడుగు చదునుగా ఉండాలి.

'ఇండక్షన్ బేస్' అని రాసి ఉన్న అల్యూమినియం కుక్కరుకు కూడా ఈ పరీక్ష చేయాలి. అడుగున అతికించిన స్టీలు బిళ్ల ఒక్కోసారి మధ్యలో చిన్నదిగానే ఉంటుంది. అయస్కాంతాన్ని మధ్య నుంచి అంచు దాకా జరుపుతూ పోతే బిళ్ల ఎంతవరకు ఉందో తెలిసిపోతుంది. అది 12 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే చాలా స్టవ్వులు గుర్తించవు. పోపు గరిటె, చిన్న కాఫీ గిన్నె పెడితే బీప్‌మనడానికి కూడా ఇదే కారణం.

పాత గిన్నెల కింద పెట్టుకోమని ఇనప అడాప్టర్ పలకలు అమ్ముతుంటారు. వాటితో పని జరుగుతుంది కానీ లాభం లేదు. ముందు పలక కాలి, ఆ వేడి గిన్నెకు ఎక్కాలి. ఈలోగా కింది గాజు, దానికి ఆనుకుని ఉన్న సెన్సరు విపరీతంగా వేడెక్కుతాయి. ఆ డబ్బుతో ఒక చదునడుగు గిన్నె కొనుక్కోవడం మేలు.

బాగా పనిచేస్తూనే పది పదిహేను నిమిషాలకు ఆగిపోతుంది

చాలామటుకు గాలి అడ్డుపడటమే కారణం. అడుగున ఉన్న ఫ్యాను కింది నుంచి చల్లగాలి లాక్కుని వెనక నుంచో పక్క నుంచో వేడిగాలి వదులుతుంది. గట్టు మాసిపోకుండా స్టవ్వు కింద న్యూస్ పేపరో ప్లాస్టిక్ షీటో పరుస్తారు. ఫ్యాను గాలి లాగగానే ఆ కాగితం పైకి లేచి రంధ్రాలకు అతుక్కుంటుంది. లోపల వేడి పెరిగి స్టవ్వు తనను తాను ఆపేసుకుంటుంది.

కింద ఏమీ పరవకండి. గోడకూ స్టవ్వుకూ మధ్య కనీసం 10 సెంటీమీటర్లు వదలండి. వెలుగుతున్న గ్యాసు పొయ్యి పక్కన పెడితే స్టవ్వు లాక్కునేది వేడిగాలే అవుతుంది కాబట్టి రెంటినీ దూరంగా ఉంచండి. ఫ్యాను తిరుగుతోందో లేదో తేల్చుకోవాలంటే గాలి వదిలే చోట సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి. అది కదలకపోతే ఫ్యాను ఆగినట్టే. లోపలుండేది చిన్న డీసీ ఫ్యాను, దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు. అది తిరగకుండా వాడుతూ పోతేనే ఖరీదైన భాగాలు కాలిపోతాయి.

రెండు మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, స్టవ్వు బోర్లించి, పొడి బ్రష్షుతో రంధ్రాల దుమ్ము దులపండి. పోపు జిడ్డుకు దుమ్ము తోడైతే బంకలా పేరుకుంటుంది. నీళ్లు, తడిగుడ్డ మాత్రం అటు పోనివ్వకండి.

వంట అవగానే గోడ స్విచ్చు ఆపేసే అలవాటు మానుకోవాలి. ముందు స్టవ్వు మీది బటన్ ఆపి, ఫ్యాను దానంతటది ఆగేదాకా ఒకటి రెండు నిమిషాలు వదిలేయండి. లోపలి వేడి బయటికి పోయేది అప్పుడే.

బొద్దింకల సంగతి కూడా చెప్పుకోవాలి. రాత్రిపూట వెచ్చగా ఉండే చోటు కాబట్టి రంధ్రాల్లోంచి లోపలికి చేరతాయి. సర్క్యూట్ బోర్డు మీద పాకుతూ, అక్కడి భాగాల లోహపు కాళ్లు రెంటిని కలిపితే షార్టు అవుతుంది. రంధ్రాలకు దోమల జాలీ కడితే గాలి ఆగుతుంది కాబట్టి అది పరిష్కారం కాదు. స్ప్రే లోపలికి కొట్టడం ఇంకా ప్రమాదం. స్టవ్వు పూర్తిగా చల్లారాక మూత గట్టిగా పడే అట్టపెట్టెలోనో సంచిలోనో పెట్టి, బొద్దింకల జెల్ మందు గట్టు కింద, అలమరా మూలల్లో చుక్కలుగా వేయండి.

ప్లగ్గు కాలుతోంది, ఎం.సి.బి. పడిపోతోంది

ఇందులో ప్రమాదం ఉంది, అందుకే లెక్క చూద్దాం. 2000 వాట్ల స్టవ్వు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్, మిక్సీ పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. లావు కాళ్లున్న 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గును కన్వర్టర్ ముక్కతో చిన్న సాకెట్టుకు తగిలిస్తే మొదటి రోజు ఏమీ కాదు. నెలలు గడిచేకొద్దీ లోపలి స్ప్రింగు పత్తీలు వేడికి వదులవుతాయి. వదులైన చోట వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ప్లాస్టిక్కు కరిగి నల్లబడుతుంది.

స్టవ్వుకు విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, మీటరు బోర్డు నుంచి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) ఉండాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఇండక్షన్ స్టవ్వు పెట్టకూడదు. పావుగంట పూర్తి పవర్‌లో వాడాక, స్విచ్చు ఆపి ప్లగ్గును ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు నిలవనంత కాలుతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నల్లబడితే ప్లగ్గు, సాకెట్టు రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే కాలిన పాతది కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

గీజరో ఇస్త్రీపెట్టో వేసినప్పుడే ఎం.సి.బి. పడుతుంటే అది స్టవ్వు తప్పు కాదు, రెండూ ఒకే లైను మీద ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి వాడుకోండి. ఎం.సి.బి. పెద్దది వేసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వైరు పాతదే ఉండి ఎం.సి.బి. పెద్దదైతే ముందు కాలేది గోడలోని వైరే. అలాకాకుండా స్టవ్వు తగిలించగానే ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) పడిపోతుంటే కరెంటు లీకవుతోందని అర్థం. పొంగిన పాలో నీళ్లో లోపలికి పోయి ఉండొచ్చు. ప్లగ్గు తీసేసి మెకానిక్‌కు చూపించాలి.

స్టీలు గిన్నె అంచు తాకితే చిన్నగా జివ్వుమంటోందా? ముందు అనుమానించాల్సింది ఎర్తింగును. సాకెట్టులోని మూడో రంధ్రానికి వైరు ఉన్నా, అది నిజంగా భూమికి చేరకపోవడం పాత ఇళ్లలో మామూలే. ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి. అది ఇంచుమించు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతే రావాలి. అది సరిచేసేదాకా స్టవ్వు వాడకండి.

ఎండాకాలం సాయంత్రాలు మాత్రమే ఆగిపోతుంటే వోల్టేజీ పడిపోవడం వల్ల కావచ్చు. ఫ్రిజ్జు, టీవీలకు అమర్చిన చిన్న స్టెబిలైజరు ఈ లోడును మోయలేదు. ఇంటి ఇన్వర్టరుతో కూడా నడపాలని చూడకండి. 900 వీఏ ఇన్వర్టరు 2000 వాట్లను తట్టుకోదు.

పోపు మాడుతోంది, పాలు ఉడికీ ఉడకనట్టున్నాయి, దోసె అంచులు కాలట్లేదు

ఇవి స్టవ్వు లోపాలు కావు, గ్యాసు మీది అలవాట్లు. వేడి అడుగులోనే పుడుతుంది కాబట్టి పల్చటి గిన్నెలో రెండు చెంచాల నూనె నిమిషం లోపే పొగలు కక్కుతుంది. గాజు కింద ఉన్న సెన్సరుకు ఆ వేడి ఆలస్యంగా తెలుస్తుంది. పోపు దినుసులు దగ్గర పెట్టుకుని, నూనె పోశాకే స్టవ్వు వేసి, 600-800 వాట్ల మీద మొదలుపెట్టండి. గారెలకూ పకోడీలకూ నూనె పెట్టి పక్కకు వెళ్లకండి.

తక్కువ సెట్టింగులో చాలా స్టవ్వులు నిజంగా సన్నసెగ ఇవ్వవు. కొన్ని సెకన్లు గట్టిగా వేసి, కొన్ని సెకన్లు ఆపుతాయి. పాలు ఒకసారి ఎగసి, మళ్లీ అణగడం అందుకే. పరమాన్నం అడుగంటడం కూడా అందుకే. మందపాటి అడుగున్న గిన్నె వాడితే ఆ హెచ్చుతగ్గులు పదార్థానికి తెలియవు.

తీగచుట్ట వెడల్పు సాధారణంగా 16-18 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల పెనం అంచులకు నేరుగా వేడి అందదు. ఇనప పెనాన్ని 600 వాట్ల మీద ఐదారు నిమిషాలు నిదానంగా వేడెక్కించి, తర్వాత పెంచితే అంచుల దాకా సమంగా కాలుతుంది. ఎక్కించగానే 2000 పెడితే మధ్య మాత్రమే ఉబ్బి పెనం వంకరపోతుంది. పోత ఇనుమైతే పగలొచ్చు కూడా. కుక్కరుకు మొదటి విజిల్ దాకా 1400-1600, ఆ తర్వాత 600-800 చాలు. పచ్చడికి వంకాయ కాల్చడానికి, పుల్కా పొంగించడానికి మంట కావాల్సిందే, వాటికి గ్యాసు పొయ్యి ఉంచుకోండి.

బటన్లు పలకవు, గిన్నె గుయ్‌మంటుంది

టచ్ బటన్ల మీద తడి, జిడ్డు ఉన్నా, వేలు తడిగా ఉన్నా పలకవు. పొడిగుడ్డతో తుడవండి. తాళం గుర్తు వెలుగుతుంటే చైల్డ్ లాక్ పడింది, ఆ బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టండి. పొరల అడుగున్న గిన్నె ఎక్కువ పవర్‌లో గుయ్‌మనడం సహజమే, పవర్ తగ్గిస్తే తగ్గుతుంది.

గాజు మీద మరకలు, గీతలు, పగులు

ఉప్పునీళ్ల ఊళ్లలో వచ్చే తెల్ల మచ్చలకు తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డను చల్లారిన గాజు మీద పది నిమిషాలు పరిచి తుడవండి. మాడిన మరకకు వంటసోడా ముద్ద చాలు. ఇనప పీచు, ఇసక పొడి వద్దు. అరిసెల పాకం ఒలికితే మాత్రం చల్లారనివ్వకండి. స్టవ్వు ఆపి, గిన్నె తీసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, వెచ్చగా ఉండగానే చెక్క గరిటెతో గీకేయండి. గట్టిపడితే గాజు పైపొరను పట్టుకుని ఊడి వస్తుంది.

గాజుకు వెంట్రుకంత పగులు కనిపించినా గోడ స్విచ్చు ఆపి ప్లగ్గు తీసేయండి. చారు పొంగితే ఆ పగులులోంచి నేరుగా కరెంటున్న భాగాల మీద పడుతుంది. టేపు అంటించడం, బంక పూయడం పనికిరావు, గాజు మార్చాల్సిందే.

బిల్లు ఎక్కువొస్తోంది

లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి మరగడానికి సుమారు 0.1 యూనిట్ పడుతుంది. 14.2 కిలోల గ్యాసు బండతో అయ్యే వంటకు సుమారు 130 యూనిట్లు కావాలి. అసలు భారం పై స్లాబులోకి వెళ్లడం వల్ల పడుతుంది, కాబట్టి మీ నెలవారీ వాడకానికి ఇది కలిపి చూసుకోండి. మూత పెట్టి ఉడికించడం, పప్పు అరగంట నానబెట్టడం, అడుగు వంకరపోయిన గిన్నెలు మార్చడం వల్ల యూనిట్లు తగ్గుతాయి.

'టప్'మని పేలి, వాసనొచ్చి ఆగిపోయింది

ఇక్కడితో ఇంటి వైద్యం ఆపాలి. ఫ్యూజు ఒక్కటే పోవడం అరుదు. దాని వెనక ఐజీబీటీ (తీగచుట్టకు కరెంటును వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చు), బ్రిడ్జి రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే భాగం) కూడా పోయి ఉంటాయి. ఫ్యూజు మాత్రమే మారిస్తే స్విచ్చు వేయగానే మళ్లీ పేలుతుంది. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి మీరే విప్పకండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మోడల్ నంబరు, ఆగేముందు కనిపించిన కోడ్, అప్పుడు ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నవి చెప్పండి. ఫ్యాను కూడా పరీక్షించమని అడగండి. అది ఆగిపోవడం వల్లే ఐజీబీటీ కాలి ఉంటే కొత్తది వేసినా ఎక్కువ రోజులు నిలవదు.