అండాశయంలో సిస్ట్ – మూడో పాఠం: స్కాన్ రిపోర్ట్ చదవడం

పోయిన పాఠంలో నెలనెలా అండాశయంలో ఏం జరుగుతుందో చూశాం కదా, ఫాలికల్ అనే చిన్న నీటి సంచి 2, 2.5 సెంటీమీటర్ల దాకా పెరిగి పగులుతుంది, అండం బయటికొస్తుంది, మిగిలిన సంచి కార్పస్ లూటియం అవుతుంది అని. అది గుర్తుంటే ఇవాల్టి పాఠం సగం వచ్చేసినట్టే. ఎందుకంటే పీరియడ్స్ వచ్చే వయసులో స్కాన్‌లో కనపడే సిస్టులు, అంటే సంచుల్లాంటి బుడగలు, చాలావరకు వీటి నుంచి పుట్టినవే, ఫాలికల్ పగలకుండా అలాగే పెరిగితే ఒక రకం, కార్పస్ లూటియం మూసుకుపోయి లోపల నీళ్లో రక్తమో చేరితే ఇంకో రకం. ఇవి రెండు మూడు నెలల్లో వాటంతట అవే పోతుంటాయి, చాలామందికి వచ్చిందనీ తెలీదు, పోయిందనీ తెలీదు.

సరే, ఇప్పుడు రిపోర్ట్. పాఠం కోసం ఒక లైన్ రాస్తున్నా, మీ పేపర్ మీద కూడా దాదాపు ఇలాగే ఉంటుంది: "రైట్ ఓవరీలో 42 × 38 ఎంఎం యూనిలాక్యులర్ అనెకోయిక్ సిస్ట్, థిన్ వాల్, నో సెప్టేషన్స్, నో సాలిడ్ కాంపోనెంట్, నో ఫ్రీ ఫ్లూయిడ్."

అందరి కళ్లూ ముందు అంకె మీదికే పోతాయి. నా మొదటి రిపోర్ట్‌లో 42 చూసి నాకైతే చెమటలు పట్టాయి, కడుపులో అంత పెద్దది పెట్టుకుని ఎలా తిరుగుతున్నానా అని, తీరా చూస్తే పక్కన ఎంఎం అని ఉంది, అంటే 4.2 సెంటీమీటర్లు. కాబట్టి ముందు ఎంఎమ్మా సీఎమ్మా చూడండి, చూశాక ఆ అంకెని కాసేపు పక్కన పెట్టేయండి. సైజు కంటే ముందు చదవాల్సింది లోపల ఏముందన్నది.

అనెకోయిక్ అంటే స్కానింగ్ తరంగాలు తగిలి వెనక్కి రాలేదు, అందుకే స్క్రీన్ మీద నల్లగా కనపడింది, అంటే లోపల పలచని నీళ్లే. యూనిలాక్యులర్ అంటే ఒకటే గది. సెప్టేషన్స్ అంటే మధ్యలో అడ్డుగోడలు. మన లైన్‌లో అవి లేవు, గోడ పలచన, గట్టి భాగం లేదు, సిస్ట్ బయట కడుపులో నీరు (ఫ్రీ ఫ్లూయిడ్) కూడా లేదు, ఇలాంటిదాన్నే సింపుల్ సిస్ట్ అంటారు. డాక్టర్ ముఖం సీరియస్ అయ్యేది లోపల గట్టి ముద్ద ఉన్నప్పుడు, గోడ నుంచి లోపలికి మొటిమల్లాగా పొడుచుకొచ్చిన పాపిలరీ ప్రొజెక్షన్స్ ఉన్నప్పుడు, డాప్లర్‌లో, అంటే రక్తం పారడం చూపించే స్కాన్‌లో, ఆ ముద్దలోకి రక్తం బాగా పోతున్నట్టు కనపడినప్పుడు, కడుపులో నీరు చేరినప్పుడు. అప్పుడు కూడా క్యాన్సర్ అనేసుకోకండి, ఇంకా చూడాలి అని మాత్రమే అర్థం.

నల్లగా లేకుండా లోపల చేపల వల లాంటి సన్నని గీతలుంటే హెమరేజిక్ సిస్ట్ అంటారు, రక్తం గడ్డకట్టి కరుగుతుంటే అలా కనపడుతుంది, కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ చేస్తే చాలావరకు ఉండదు. గ్రౌండ్ గ్లాస్ అని రాస్తే, అంటే గరుకు అద్దం లాగా మసగ్గా ఉంటే, ఎండోమెట్రియోమా అయ్యుండొచ్చు, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు, అది ఓవరీలో సిస్ట్‌గా మారితే ఇది, చాక్లెట్ సిస్ట్ అనేది దీన్నే, లోపల పాత రక్తం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి. డెర్మాయిడ్ అయితే లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి, నిజంగానే. ఈ చివరి రెండూ ఆగి చూస్తే కరిగిపోయే రకం కాదు.

ఇప్పుడు అంకె దగ్గరికి రండి. బ్రిటన్ రాయల్ కాలేజ్ గైనకాలజీ గైడ్‌లైన్ ప్రకారం మెనోపాజ్ రానివాళ్లకి, అంటే పీరియడ్స్ ఇంకా పూర్తిగా ఆగిపోనివాళ్లకి, సింపుల్ సిస్ట్ 5 సెంటీమీటర్ల లోపుంటే మామూలుగా మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు, 5 నుంచి 7 అయితే ఏడాదికోసారి స్కాన్, 7 దాటితే ఎంఆర్‌ఐ గానీ ఆపరేషన్ గానీ ఆలోచిస్తారు, అంత పెద్దదాన్ని మామూలు స్కాన్‌తో పూర్తిగా చూడ్డం కష్టం కాబట్టి. వేరే గైడ్‌లైన్లలో అంకెలు కొంచెం అటూఇటూ ఉంటాయి, అందుకని ఇది పట్టుకుని డాక్టర్‌తో గొడవకి దిగకండి. మెనోపాజ్ అయ్యాక లెక్క వేరు, అండం విడుదల ఆగిపోయింది కాబట్టి సిస్ట్ చిన్నదైనా అండాశయ క్యాన్సర్ అనుమానం ఉందా అని చూసే సీఏ-125 రక్తపరీక్షతో కలిపి చూస్తారు.

ఆ సీఏ-125 గురించి ఒక్క మాట. 35 దాటితే ఎక్కువ అంటారు, కానీ పీరియడ్స్‌లో ఉన్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, గర్భసంచిలో ఫైబ్రాయిడ్స్ అనే గడ్డలు ఉన్నా, గర్భంతో ఉన్నా పెరగొచ్చు. వయసులో ఉన్నవాళ్లు సింపుల్ సిస్ట్‌కి ఊరికే ఆ పరీక్ష చేయించుకుని నిద్ర పోగొట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

గర్భం రాకుండా వాడే పిల్స్ వేసుకుంటే ఉన్న సిస్ట్ తొందరగా కరుగుతుందా అని చాలామంది అడుగుతారు. కరగదు, ఆగి చూస్తే ఎలా పోతుందో పిల్స్ వేసుకున్నా అలాగే పోతుంది. కొత్తవి రాకుండా తగ్గించడానికి మాత్రం పనికొస్తాయి. ఇక పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్)లో కనపడేవి ఈ సిస్టులు కావు, 2 నుంచి 9 ఎంఎం ఉండే చిన్న చిన్న ఫాలికల్స్, పేరు అలా పడిపోయింది అంతే.

రిపోర్ట్‌లో రాయనిది ఒకటుంది, అది బాగా గుర్తుపెట్టుకోండి. సిస్ట్ బరువుకి ఓవరీ మెలితిరగొచ్చు, దాన్ని టార్షన్ అంటారు, రక్తం అందకుండా పోతుంది. పొత్తికడుపులో ఒక పక్కన ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దానితో పాటు వాంతులు. నొప్పి వచ్చి తగ్గి మళ్లీ రావచ్చు కూడా, తగ్గింది కదా అని పడుకోకండి, రాత్రయినా సరే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, గంటలు గడిచేకొద్దీ ఓవరీ దక్కే అవకాశం తగ్గుతుంది. కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా అంతే, సిస్ట్ పగిలి లోపల రక్తం పోతుండొచ్చు.

హోంవర్క్: మీ రిపోర్ట్ తీసి సిస్ట్ పక్కన రాసిన మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి, దాని పక్కనే చివరి పీరియడ్ మొదలైన తేదీ, స్కాన్ తేదీ కూడా రాయండి, ఎందుకంటే నెల మధ్యలో తీసిన స్కాన్‌లో మామూలు ఫాలికల్‌ని కూడా సిస్ట్ అని రాసేస్తుంటారు. ఆ కాగితం దాచుకోండి, నాలుగో పాఠంలో లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌లో, సిస్ట్ ఒక్కటే తీస్తారా ఓవరీ మొత్తం తీస్తారా అన్న దగ్గర మళ్లీ కావాలి.