రోజూ తిప్పే పాత పద్మిని కారుకి ఇన్సూరెన్స్ ఎలా చేయించాలి

పాత కారు కొన్నవాళ్లు ముందుగా అడిగేది "వింటేజ్ ఇన్సూరెన్స్ వస్తుందా?" అని. రోజూ ఆఫీసుకో, రైతు బజారుకో తీసే కారైతే ఆ ఆశ వదిలేయండి. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపం చెడని కారుకు వీఏ అక్షరాలున్న నంబర్ ప్లేటు ఇస్తారు, థర్డ్ పార్టీ (మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కవర్) ప్రీమియంలో సగం తగ్గుతుంది, అంతా బాగానే ఉంది గానీ ఆ ప్లేటుతో ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోడానికి తప్ప మామూలుగా తిరగకూడదు. మా బావ తన 1972 అంబాసిడర్‌కి అప్లై చేయబోయి, ఈ ముక్క చదివి ఆగిపోయాడు. నా 1986 పద్మినికి ఎలాగూ వయసు చాలదు.

కాబట్టి మామూలు ప్రైవేటు కారు పాలసీయే గతి. ముందు ఆర్‌సీ చూసుకోండి. 15 ఏళ్లు నిండాక ప్రతి 5 ఏళ్లకీ రెన్యూవల్ అయి ఉండాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఆ ఫీజు 10,000 చేశారు, బాధే గానీ కట్టక తప్పదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా సిద్ధంగా పెట్టుకోండి. తర్వాత బానెట్ ఎత్తి, ఇంజిన్ నంబరూ ఆర్‌సీలో నంబరూ ఒకటేనా చూడండి, ఎందుకంటే వెనకటి ఓనరెవరో డీజిల్ ఇంజిన్ ఎక్కించి ఆర్‌సీలో రాయించకుండా వదిలేసిన బళ్లు ఉంటాయి. అది మీకు తెలిసేది క్లెయిమ్ రోజున. గ్యాస్ కిట్ పెట్టించినా అంతే, ఆర్‌సీలోనూ పాలసీలోనూ రెండు చోట్లా ఎక్కాలి.

థర్డ్ పార్టీ ప్రీమియానికి కారు వయసుతో పని లేదు, ఇంజిన్ సైజే లెక్క. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 1000 సీసీ లోపు 2,094, 1500 లోపు 3,416, ఆపైన 7,897, దీని మీద జీఎస్టీ. పద్మిని 1089 సీసీ, పాత పెట్రోల్ అంబాసిడర్ 1489, రెండూ మధ్య స్లాబే. ఇసుజు ఇంజిన్ అంబాసిడరైతే 1817 సీసీ, ఒక్కసారిగా డబుల్ దాటుతుంది.

అసలు తలనొప్పి ఐడీవీ, అంటే కారు పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. 5 ఏళ్లు దాటిన కారుకు టేబుల్ ఏమీ లేదు, మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే. ఆన్‌లైన్‌లో అడిగితే ఏదో తుక్కు రేటు చూపిస్తుంది. పైగా నాది పాత మూడక్షరాల సిరీస్, ఆ నంబర్ చాలా ఫారాల్లో పట్టనే పట్టదు. బ్రాంచి ఆఫీసుకే వెళ్లండి, పెయింటు, ఇంజిన్ పని బిల్లులు, నాలుగు వైపులా ఫొటోలు పట్టుకెళ్లి బేరమాడండి. ఎందుకింత పట్టుబట్టాలంటే, రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్ కింద రాసేస్తారు, అంటే ఇక రిపేరుకి డబ్బివ్వరు, ఐడీవీ లెక్కన తేల్చేస్తారు. ఐడీవీ 60,000 పెట్టుకుంటే బిల్లు 45,000 దాటగానే కథ కంచికి.

పార్టులకి పూర్తి డబ్బు వస్తుందనుకోకండి. వాడి పాతబడ్డాయని కొంత కోసేస్తారు: 10 ఏళ్లు దాటిన కారులో ఇనుప భాగాలకు సగం కోత, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీకి సగం, అద్దాలకు మాత్రం కోత లేదు. 12,000 ఫెండర్‌కి 6,000 మీ జేబులోంచే. ఈ కోత లేకుండా చేసే జీరో డిప్ కవర్ ఇంత పాత కారుకి ఇవ్వరు. ఈ లెక్క నచ్చకపోతే థర్డ్ పార్టీకి ఫైర్, దొంగతనం కవర్ జోడించి ఇస్తారేమో అడగండి, కొత్త యాప్‌లలో అది కనబడదు.

పాలసీ గ్యాప్ వచ్చిందా, ఇన్‌స్పెక్షన్ తప్పదు. మా ఇంటి ముందు జరిగింది చెప్తా. వచ్చినాయన చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాడు, గ్రీజు, పాత పెయింటు పొరల వల్ల ఆరు కాస్తా ఎనిమిదిలా పడింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి మూడోసారి రుద్దితే గానీ సరిగా రాలేదు. మీరు ముందురోజే తుడిచి పెట్టుకోండి. గడువుకు పది రోజుల ముందే రెన్యూవల్ చేసుకుంటే ఈ తంతే ఉండదు, 90 రోజులు దాటనిస్తే మాత్రం కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా పోతుంది.