ఎండలు ముదరకముందే అక్వేరియం సంగతి చూసుకోండి

శివరాత్రి వెళ్ళగానే అందరూ కూలర్ దుమ్ము దులుపుతారు. నేను మాత్రం సాయంత్రం నాలుగింటికి చేపల తొట్టి దగ్గర నిలబడి, ఎండ ఎంతవరకు పాకుతోందో చూస్తాను. ఎండ తగిలితే తొట్టిలో నీళ్ళు పచ్చబడతాయి మరి. చలికాలమంతా దక్షిణంగా వాలి తిరిగిన సూర్యుడు మే మొదటివారానికి విజయవాడ నడినెత్తికి వస్తాడు, జూన్‌లో ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరులో చల్లగా నీడపట్టున ఉన్న కిటికీలోంచే ఏప్రిల్‌లో ఎండ తొట్టి మీద పడుతుంది. వాస్తు అంటూ చాలామంది అక్వేరియాన్ని ఈశాన్యంలో పెడతారు. ఎండాకాలం పొద్దు పొడిచేదీ ఆ వైపే. వాస్తుతో నాకు పేచీ లేదు గానీ, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి, ఎండ తగిలే గాజుకు బయటినుంచి నల్ల చార్టు అతికించండి. పచ్చనీళ్ళ బెడద సగం అక్కడే ఆగుతుంది.

మిగతా సగం మేత. నీళ్ళను పచ్చగా మార్చేది గాజుకు పట్టే పాచి కాదు, కంటికి కనపడనంత చిన్న నాచు కణాలు. ఫిల్టర్ స్పాంజ్‌లోంచి కూడా జారిపోతాయి. వాటికి కావలసింది వెలుతురు, ఎరువు. చేపల రెట్ట, తినకుండా మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు, ఇదే ఆ ఎరువు. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత వేస్తే చాలు. లైటు ఆరేడు గంటలకు మించి వద్దు. మర్చిపోయేవాళ్ళు చవకలో దొరికే టైమర్ పెట్టుకోండి. వేసవి సెలవులకు ఊరెళుతూ పక్కింటివాళ్ళకు మేత డబ్బా అప్పజెప్పి వెళ్ళడం అన్నిటికన్నా ప్రమాదం. పాపం, జాలితో గుప్పెడు వేస్తారు. చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి ఇవ్వండి. రెండు మూడు రోజులే అయితే అసలేమీ వేయనక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు తట్టుకుంటాయి.

మసక కనిపించగానే ఒక గాజుగ్లాసులో నీళ్ళు తీసి, వెనక తెల్లకాగితం పెట్టి చూడండి. పచ్చగా ఉంటే నాచు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే అది బ్యాక్టీరియా, కొత్త తొట్టిలోనూ, ఫిల్టర్‌ను అతిగా కడిగినప్పుడూ వస్తుంది. మేత తగ్గించి ఊరుకుంటే సాధారణంగా కొద్దిరోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకని ఎండల్లో కొత్తది మొదలుపెట్టకపోవడమే మేలు.

కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతు దగ్గర పచ్చనీళ్ళ గురించి వాపోతే నవ్వుతాడు. ఆయన పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ నీళ్ళకు రంగు తెప్పిస్తాడు, బొచ్చెలకూ శీలావతులకూ తిండి పుట్టేది అందులోనే. అయినా అదే రైతు తెల్లవారుజామునే గట్టు మీదికి పరిగెడతాడు, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయేమోనని. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములైతే, 30 దగ్గర ఏడున్నరే. అంటే పచ్చరంగు విషం కాదు. భయపడాల్సింది తెల్లవారుజామున, ముఖ్యంగా కరెంటు పోయినప్పుడు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి మార్చిలోపే కొని, పనిచేస్తోందో లేదో చూసి పెట్టుకోండి.

రెండో ప్రమాదం మన తొందర. ఒక ఏప్రిల్‌లో నీళ్ళు పచ్చబడ్డాయని తొట్టి మొత్తం ఖాళీ చేసి, తోమి, కుళాయి నీళ్ళు నేరుగా నింపాను. మర్నాటికి మూడు గోల్డ్ ఫిష్‌లు పోయాయి. చంపింది నాచు కాదు, క్లోరినూ నా అవివేకమూ. రెండడుగుల తొట్టిలో సుమారు 50 లీటర్లు పడతాయి. వారానికి ఒక బకెట్, అంటే 12 లీటర్లు మారిస్తే సరిపోతుంది. ముందురోజు సాయంత్రమే వెడల్పాటి బకెట్‌లో పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్‌కు బదులు కలిపే క్లోరమైన్ అలా పోదు కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమే నమ్మకం. బోరు నీళ్ళైతే ఒకసారి నైట్రేట్ పరీక్ష చేయండి, అది ఎక్కువుంటే మార్చిన ప్రతి బకెట్టూ ఎరువు పోసినట్టే. ఫిల్టర్ స్పాంజ్‌లో మురికిని విరిచే మంచి బ్యాక్టీరియా ఉంటుంది, అందుకే దాన్ని కుళాయి కింద కాదు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ పీకేయండి.

ఇంత చేసినా పచ్చబడితే చీకటి వైద్యం ఉంది. పావు వంతు నీళ్ళు మార్చి, లైటు ఆపి, తొట్టి చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు వదిలేయండి. మేత వద్దు, ఎయిర్ పంపు మాత్రం ఆగకూడదు. దుప్పటి తీశాక చచ్చిన నాచు కుళ్ళి అమ్మోనియా పెంచుతుంది కాబట్టి వెంటనే మళ్ళీ పావు వంతు, రెండురోజులకు ఇంకోసారి మార్చాలి. ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. ఓపిక లేకపోతే యూవీ లైటున్న ఫిల్టర్ పెట్టండి, సాధారణంగా వారంలోపే తేటపడతాయి. ఆ వెలుగును నేరుగా చూడకండి. ఏడాది దాటితే బల్బు వెలుగుతున్నా పస తగ్గుతుంది.

దుకాణంలో ఇచ్చే నీలం మందు నాచుకు కాదు, పైగా ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రాగి కలిసిన మందులు నత్తలను, రొయ్యలను చంపుతాయి. పటిక, చిల్లగింజ ఏటి నీళ్ళ బురద తేర్చడానికి మన పెద్దలు వాడినవి. చేపలున్న తొట్టిలో పటిక వేస్తే నీటి గుణమే మారిపోతుంది. నీళ్ళు వేడెక్కాయని ఐసు ముక్కలు కుమ్మరించకండి, మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు నెమ్మదిగా దిగుతుంది.

పాచి తింటుందని సక్కర్ చేపను అంటగడతారు. అది గాజును గీకుతుందే తప్ప నీళ్ళలో తేలే నాచును ముట్టుకోదు. అడుగు దాటి పెరుగుతుంది, దాని రెట్టతో ఇంకాస్త ఎరువు. పెద్దదైపోయిందని కాలవలో వదలకండి. కొల్లేరులో, కృష్ణలో వలలు చింపుతూ జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.