అమెరికా ఎయిర్‌పోర్టులో చైనీస్ కౌంటర్: మెనూ బోర్డు కాదు, ట్రే చూడండి

ముందు సెక్యూరిటీ దాటండి, గేటు ఎక్కడుందో చూసుకోండి, తిండి సంగతి ఆ తర్వాతే. అట్లాంటా, డాలస్ లాంటి చోట్ల ఒక కాన్‌కోర్స్ (గేట్లు ఉండే భవనం) నుంచి ఇంకోదానికి రైలెక్కి వెళ్లాలి. లెక్క వేసుకోవాల్సింది విమానం బయల్దేరే టైముకి కాదు, బోర్డింగ్ టైముకి. దానికి గంట ముందు క్యూలో ఉంటే నిదానంగా కూర్చుని తినొచ్చు.

ఈ కౌంటర్లలో కూరలు ముందే వండి, అడుగున ఆవిరి తగిలే ట్రేల్లో పెడతారు. కాబట్టి ఏ వంటకం బాగుంటుందన్నది పేరు మీద కంటే, అది ట్రేలోకి వచ్చి ఎంతసేపైందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఆరెంజ్ చికెన్ లాంటి వేపుడు ముక్కలకు సాస్ పట్టాక కరకర ఎంతోసేపు నిలవదు. సాస్ మీద మీగడలా పొర కట్టినా, బ్రోకలీ పచ్చదనం పోయి పసుపు తిరిగినా, నూడుల్స్ ముద్దకట్టినా ఆ ట్రే వదిలేయండి. దాదాపు ఖాళీ అయిన ట్రేలో మిగిలిన నాలుగు ముక్కలు అస్సలు వద్దు. "కొత్తది ఎంతసేపట్లో వస్తుంది?" అని అడగండి. పెద్ద మంట మీద వోక్‌లో, అంటే చైనీస్ బాణలిలో, చేసే వంట, త్వరగానే అయిపోతుంది. ఆ కాసేపు ఆగడం నిజంగా లాభమే.

పాండా ఎక్స్‌ప్రెస్ అనే చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ చైన్‌లో అయితే బౌల్ అంటే ఒక సైడ్ (అన్నం, నూడుల్స్ లాంటిది), ఒక కూర. ప్లేట్ అంటే ఒక సైడ్, రెండు కూరలు. ప్రయాణానికి బౌల్ చాలు. సైడ్ సగం అన్నం, సగం కూరగాయలు ఇమ్మంటే ఇస్తారు.

శాకాహారులు ఇక్కడ బాగా జాగ్రత్తపడాలి. ఫ్రైడ్ రైస్‌లో మామూలుగానే గుడ్డు ఉంటుంది. కూరగాయల వంటకంలోనూ ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది), చికెన్ స్టాక్ (కోడి ఉడికించిన నీళ్లు) ఉండొచ్చు, పైగా వోక్, గరిటెలు వేరుగా ఉండవు. "మీట్ ఉందా?" అని మాత్రమే అడిగితే వీటి సంగతి తేలదు, సాస్‌లో ఏముందో కూడా అడగండి. నిక్కచ్చిగా పాటించేవారికి తెల్లన్నం ఒక్కటే కాస్త నమ్మకం, అదీ గరిటె మార్చమని చెప్పి. బీఫ్ తినని వారు ట్రే ముందున్న పేరు చదవాలి. సాస్‌లో మునిగాక బీఫ్‌నీ చికెన్‌నీ చూపుతో గుర్తుపట్టడం కష్టం.

విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. దాంతో కడుపులోని గ్యాస్ పావు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. క్యాబేజీ, బ్రోకలీ దండిగా తిని పైన సోడా తాగితే ఉబ్బరం అందుకే. సోయా సాస్‌లో ఉప్పెక్కువ, క్యాబిన్ గాలి పొడి, కాబట్టి దాహం తప్పదు. సోడా బదులు నీళ్లు తీసుకోండి. ఖాళీ బాటిల్‌ని సెక్యూరిటీ దాటించి లోపల నింపుకోవచ్చు.

పార్సిల్ కట్టించుకుంటే సాస్ ప్యాకెట్లు విడిగా అడగండి. మూత వెంటనే బిగించొద్దు, ఆవిరి నీరై వేపుడు మెత్తబడుతుంది. ఐదు నిమిషాలు ఓరగా తెరిచి, తర్వాత మూయండి. సెక్యూరిటీకి ముందే కొంటే గట్టి పదార్థాలు లోపలికి వెళ్తాయి గానీ, 100 మిల్లీలీటర్లు దాటిన సూప్ వెళ్లదు. కొన్న రెండు గంటల్లోపు తినేయాలి. విమానం ఆలస్యమై ఆ గడువు దాటితే పారేయండి. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు.