గార్డెన్‌లో థిసిల్ పెంచేటప్పుడు నీళ్ళూ ఎరువూ తగ్గించండి

థిసిల్ అంటే ముళ్ళ ఆకులుండే పూలమొక్క. ఈ మొక్కలు చాలావరకు చచ్చిపోయేది పట్టించుకోక కాదు, మరీ ఎక్కువగా పట్టించుకోవడం వల్ల. గులాబీకి చేసినట్టు రోజూ నీళ్ళు, నెలనెలా ఎరువు వేస్తే కాడ బాగా పొడుగ్గా, మెత్తగా పెరిగి, పూలు వచ్చేసరికి నేలమీద వాలిపోతుంది.

ముందు ఏ రకమో చూసి కొనండి. మొదటిసారి పెంచేవాళ్ళకి నేను చెప్పేది ఎకినాప్స్, అదే గ్లోబ్ థిసిల్. ఒక్కో కాడ చివర గుండ్రటి నీలం బంతి, ఎత్తు మీటరు అటూ ఇటూ, ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి పూస్తుంది, తేనెటీగలైతే వదలవు. ఎరింజియం (సీ హోలీ) చూడ్డానికి థిసిల్‌లాగే ఉంటుంది కానీ కొత్తిమీర, క్యారెట్ కుటుంబానికి చెందింది. చాలా రకాలకు ఎకినాప్స్‌లాగే ఎండ, పొడి నేల సరిపోతాయి. సిర్సియం రివ్యులేర్ అనే ఇంకో థిసిల్‌లో అట్రోపర్ప్యూరియం అని ముదురు ఎరుపు పూల రకం ఉంది, దీనికి మాత్రం తేమ ఉన్న నేల కావాలి. స్కాటిష్ థిసిల్ అనే ఒనోపోర్డమ్ వెండి రంగు ఆకులతో రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చాలా గంభీరంగా ఉంటుంది, కానీ విపరీతంగా విత్తనాలు రాలుస్తుంది, కొన్ని దేశాల్లో దాన్ని కలుపు మొక్కల జాబితాలో పెట్టారు కూడా. మీ దగ్గర పెంచొచ్చో లేదో కనుక్కోకుండా నాటకండి.

రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. నీడలో నాటితే వెలుతురు కోసం వంకర్లు తిరుగుతుంది. నేల సారం లేకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు మాత్రం నిలవకూడదు. బంకమట్టి అయితే ముతక ఇసుక ఒక గుప్పెడు కలిపితే లాభం లేదు, ఎత్తుగా మడి కట్టి, మట్టిలో సన్నటి గులకరాళ్ళు బాగా కలపండి. చలికాలంలో వేళ్ళ దగ్గర తడి నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది, ఎంత చలినైనా తట్టుకునే మొక్క ఈ తడికి పోతుంది.

ఎకినాప్స్‌కి మొక్కకీ మొక్కకీ మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి, దగ్గరగా నాటితే గాలి ఆడక బూడిద తెగులు వస్తుంది. మొదటి సీజన్ అంతా మట్టి ఆరినప్పుడల్లా నీళ్ళు పోయండి. తల్లివేరు లోతుకి దిగాక బాగా ఎండలు కాసినప్పుడు పోస్తే చాలు. ఎరువంటారా, నాటేటప్పుడు కొంచెం కంపోస్ట్, అంతే. లేత కాడల మీద పేనుబంక కనిపిస్తే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి, పూల మీద మందు చల్లకండి, తేనెటీగలు పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన పని పూలు కోయడం. వాడిన పువ్వు విత్తనం కట్టకముందే కాడతో సహా తీసేయండి, ఈ ఒక్క పని బద్ధకిస్తే మరుసటి ఏడు తోటంతా మొలకలే (పొడుగు చేతుల గ్లవ్స్ వేసుకోండి, మామూలు గుడ్డ గ్లవ్స్‌లోంచి ముళ్ళు దిగుతాయి). ఎండబెట్టి ఫ్లవర్ వాజ్‌లో పెట్టుకోవాలంటే ఎకినాప్స్‌ని బంతి నీలం తిరిగి, చిన్న పూలు ఇంకా విచ్చుకోకముందే కోసి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. పూర్తిగా విచ్చుకున్నాక కోస్తే ఎండేటప్పుడు రాలిపోతుంది. ఎరింజియం అలా కాదు, రంగు పూర్తిగా ఎక్కనివ్వాలి.

చోటు మార్చడం వీటికి అస్సలు పడదు, తల్లివేరు తెగితే కోలుకోవడం కష్టం. కొత్త మొక్కలు కావాలంటే ఎకినాప్స్ విత్తనం తేలిగ్గానే మొలుస్తుంది, ఎరింజియం విత్తనం మాత్రం తాజాగా ఉన్నప్పుడే వేసి కొన్ని వారాలు చలి తగలనివ్వాలి. ఇంకో దారి, మొక్క నిద్రలో ఉండే చలికాలంలో పెన్సిల్ మందం వేరు తవ్వి, ఐదారు సెంటీమీటర్ల ముక్కలు కోసి, పైకొన పైకే ఉండేలా ఇసుక మట్టిలో గుచ్చడం. తవ్విన చోట మిగిలిపోయిన వేరు ముక్కలు కూడా మళ్ళీ మొలవగలవు, అక్కడ వద్దనుకుంటే చిన్నగా ఉండగానే పీకేయండి.