చెరువు కట్ట నుంచి పాత పొలాల దాకా: కాకతీయుల ఆయకట్టులో నడక

వరంగల్, ములుగు జిల్లాల్లో కాలినడకన తిరగదలచినవారు నీళ్లు పోయే దారినే తమ దారిగా పట్టుకోవడం మేలు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను గుట్టల నడుమ ఉన్న సందులకు కట్టలు పోసి నిర్మించారు. కట్ట నుంచి తూముకు, తూము నుంచి కాలువకు, కాలువ నుంచి పొలానికి వరుసగా నడిస్తే, తాతముత్తాతల నుంచి ఒకే కుటుంబం సాగు చేసుకుంటున్న భూముల దాకా చేరుకోవచ్చు.

మొదటిసారి వెళ్లేవారికి రామప్ప అనుకూలం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడిని ఉదయమే చూసుకొని, దగ్గరలోని చెరువు కట్టకు చేరి, అక్కడి నుంచి పాలంపేట వైపు పొలాల్లోకి దిగవచ్చు. లక్నవరంలో వేలాడే వంతెనల దగ్గర ఆదివారాలు జనం ఎక్కువ కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లాలి. నర్సంపేట మీదుగా చేరుకునే పాకాల నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు; అయితే అది అభయారణ్యం, చెరువులో మొసళ్లు కూడా ఉన్నాయి. అందువల్ల అటవీ సిబ్బందిని అడగకుండా అడవి బాటల్లోకి వెళ్లకూడదు, నీటి అంచున కూర్చోకూడదు.

కాలాన్ని ఎంచుకోవడంలోనే సగం మర్యాద ఉంది. యాసంగి (రబీ) నాట్లకు ముందు రైతులు ఒడ్లు (మడి గట్లు) చెక్కి, వాటికి కొత్తగా బురద మెత్తుతారు. ఆ పచ్చి ఒడ్డు మీద కాలు పడితే గండి పడుతుంది. ఒక మడిలో నిలవాల్సిన నీళ్లు, వాటితోపాటు చల్లిన ఎరువు, పక్క మడిలోకి పోతాయి. ఒడ్లు గట్టిపడి, వరి పచ్చగా ఎదిగి, ఎండ ఇంకా ముదరని ఫిబ్రవరి నడకకు చాలా మంచిది. అప్పుడు కూడా ఒకరి వెనుక ఒకరు నడవాలి. ఎదురుగా గడ్డిమోపుతో ఎవరైనా వస్తుంటే మనమే ఆగి దారి ఇవ్వాలి. వానాకాలంలో చెరువు నిండి మత్తడి (అదనపు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం) దుంకుతున్నప్పుడు దూరం నుంచే చూడాలి, ఎందుకంటే పాచి పట్టిన ఆ రాళ్ల మీద కాలు నిలవదు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి బయటపడే శిఖం భూమి పైకి పర్రెలు విచ్చి గట్టిగా కనిపించినా, లోపల దిగబడే ఒండ్రు ఉంటుంది.

పొలంలో మనిషి కనిపిస్తే ముందు పలకరించాలి. "బాపూ, ఈ ఒడ్డు మీదికెల్లి పోవచ్చునా?" అని అడిగితే చాలామంది తామే ముందు నడిచి దారి చూపిస్తారు. భూమి ఎంత, ధర ఎంత అని అడగడం తగదు. ఆ పొలానికి ఏ తూము నీళ్లు వస్తాయి, వంతుల వారీగా నీళ్లు పంచే నీరటి పని ఒకప్పుడు ఎవరిది, మోటబావిని ఎవరు తవ్వించారు అని అడగాలి. రాతి ఒరలు కూలిపోతున్న బావి, పక్కనే చింతచెట్టు, పశువుల కొట్టం, వడ్లు ఆరబోసే కల్లం: ఇవే ఒక కుటుంబ చరిత్రకు మిగిలిన ఆధారాలు, వీటి కథ ఆ ఇంటి పెద్దలు చెబితే తప్ప మరెక్కడా దొరకదు. అందుకే అవ్వలు, తాతలు మాట్లాడుతున్నప్పుడు తొందరపడకుండా కూర్చొని వినాలని, అనుమతి తీసుకొని రాసుకోవాలని నా కోరిక. ఫోటోలు కూడా అడిగిన తరువాతే తీయాలి.

సాయంత్రం ఐదు దాటకముందే తారు రోడ్డు ఎక్కాలి. అడవి అంచు ఊళ్లలో పందుల బెడద వల్ల కొందరు చేల చుట్టూ రాత్రిళ్లు కరెంటు తీగలు పెడతారు; ఇది చట్టవిరుద్ధమైనా జరుగుతూనే ఉంది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. తిరుగు దారిలో అలాంటి తీగలు ఉన్నాయేమోనని పొలం వదిలే ముందే రైతును అడిగి, ఆయన చూపిన బాటలోనే వెనక్కి రావాలి.