ఇంట్లో బాక్టీరియా పెంపకం, 4వ భాగం: మూత పెట్టిన ప్లేటు మళ్లీ తెరవొద్దు

పోయిన భాగంలో చైనా గ్రాస్ (జెల్లీలా గడ్డకట్టే అగర్) కరిగించి మూతలున్న ప్లేట్లలో పోశాం, ఒకదాని మీద పెరుగు తేట పల్చగా గీశాం, ఇంకోదాన్ని హాల్లో పావుగంట మూత తీసి ఉంచాం. ఈసారి చేతిపని తక్కువే కానీ మొత్తం చదివాకే మొదలుపెట్టండి.

పెరుగు గీసిన ప్లేటులో పెరుగు బాక్టీరియానే వస్తుందని గ్యారంటీ లేదు. గాలిలోంచి, మన వేళ్ల మీదినుంచి ఏం పడిందో కంటికి తెలియదు, తిండి పెట్టి వెచ్చగా ఉంచితే ఆ ఒక్క కణమే రెండు రోజుల్లో లక్షలవుతుంది. ఒకటీ అరా ఉన్నప్పుడు మనల్ని ఏమీ చేయనిది, అంత గుంపుగా ముక్కులోకి వెళ్తే జబ్బు చేయొచ్చు. అందుకే ప్లేటులో పెరిగిన బాక్టీరియా చుక్కల రంగు, ఆకారం, లెక్క అన్నీ మూత పైనుంచే చూడాలి. మా అక్క కొడుకు "పిన్నీ, ఒక్కసారి తీసి చూపించవా" అని ఎంత బతిమాలినా తీయలేదు, టార్చి, భూతద్దం ఇచ్చాను, వాడికి అదే బాగా నచ్చింది.

టేపు రెండు మూడు చోట్ల చిన్న ముక్కలుగా వేయండి. చుట్టూ బిగించేస్తే లోపల గాలి అయిపోతుంది, గాలి లేకుండా బతికే రకాలకు, వాటిలో ప్రమాదకరమైనవీ ఉన్నాయి, మనమే చోటిచ్చినట్టవుతుంది. పెరగడం అయ్యాక, చేతిలోకి తీసుకుని చూసే ముందు మాత్రం చుట్టూ వేయండి. ప్లేటు బోర్లించి పెట్టాలి, లేకపోతే మూతకు పట్టిన చెమ్మ కిందికి కారి అన్నీ కలిసిపోతాయి. తేదీ అడుగు వైపు రాయండి.

ఇక వేడి. నేను మొదటిసారి చేసింది మే నెలలో, విజయనగరంలో మా మేడ మీది గదిలో. గది 35 డిగ్రీలు దాటింది. మన ఒంటి వేడి 37, దానికి దగ్గరైన కొద్దీ మన ఒంట్లో బతకగలిగే రకాలకు అనుకూలం. ప్లేటు నిండా ఏవేవో వచ్చాయి, ఏమీ నేర్చుకోకుండానే చంపి పారేశాను. 20 నుంచి 25 డిగ్రీలు చాలు, అంటే మనవైపు చలికాలమే మంచిది, నెమ్మదిగా పెరిగినా పర్వాలేదు. గొంతు, పుండు, మరుగుదొడ్డి, పచ్చి మాంసం, వీటినుంచి తీసి ఎప్పుడూ పెంచకండి.

పారేసే ముందు చంపాలి. చెత్తబండితో వచ్చే ఆవిడ మన సంచిని చేతులతోనే ఏరుతుంది, ఆ సంగతి మర్చిపోకండి. గాజు ప్లేట్లయితే, వంటకు వాడని పాత కుక్కర్లో స్టాండు మీద పెట్టి, ప్రెషర్ పూర్తిగా వచ్చాక సన్న మంట మీద అరగంట. మామూలుగా మరిగిస్తే చాలదు, కొన్ని బాక్టీరియా గట్టి పెంకులాంటి బీజాలుగా మారి 100 డిగ్రీలను తట్టుకుంటాయి, కుక్కర్లో 121 దాకా వెళ్తుంది. ప్లాస్టిక్‌వి కుక్కర్లో మెత్తబడి వంకరపోతాయి. వాటికి ఒక వంతు లిక్విడ్ బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి, గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి, ప్లేటును పూర్తిగా ముంచి, ఆ నీళ్ల అడుగునే మూత జరిపి రాత్రంతా వదిలేయండి. మూత కదిలించేది ఈ ఒక్కసారే. బ్లీచ్‌లో బాత్రూమ్ యాసిడ్ చుక్క కూడా కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది.

వచ్చే భాగం లెక్కపెట్టడం గురించి. సన్న మార్కర్ పెన్ను ఒకటి తెచ్చి పెట్టుకోండి.